అమెరికా పబ్లిక్ రేడియో సభ్యత్వం: నెలకు 10 డాలర్లు ఎవరి చేతికి వెళ్తాయి, ఎక్కడ చిక్కుకుంటాయి

డాలస్‌లో కేఈఆర్ఏ 90.1, న్యూయార్క్, ఎడిసన్ వైపు డబ్ల్యూఎన్‌వైసీ 93.9, బే ఏరియాలో కేక్యూఈడీ 88.5, అట్లాంటాలో డబ్ల్యూఏబీఈ 90.1. పొద్దున ఆఫీసుకు కారు తీసే తెలుగువాళ్లలో చాలామందికి ఈ నంబర్లలో ఏదో ఒకటి అలవాటే. ఏడాదిలో కొన్నిసార్లు ఈ స్టేషన్లు కార్యక్రమాల మధ్యలో ఆగి సభ్యులుగా చేరమని, నెలకు ఎంతో కొంత కట్టమని అడుగుతాయి. కట్టకపోయినా రేడియో మోగుతుంది. కడితే వచ్చేది ఓ కప్పో సంచో, కొన్ని చోట్ల టీవీ ఆర్కైవ్. మరి దేనికి కట్టాలి, ఎవరికి కట్టాలి, కట్టాక ఆ డబ్బు ఏ దారిన పోతుంది అన్నదే ఈ సమీక్ష.

ముందు తీర్పు. కట్టదగిన సేవే, 2025 తర్వాత మరీ ముఖ్యంగా. అయితే 'పబ్లిక్ రేడియో' అన్న పేరు చూసి కట్టకూడదు, మీ ఊరి స్టేషన్‌ను చూసి కట్టాలి. ఒక్కో స్టేషన్‌కు యజమాని వేరు, లెక్కలు వేరు, ఉద్యోగులతో వ్యవహరించే తీరు వేరు. ఈ మూడూ బాగున్న చోట 10 డాలర్లు బాగా పనిచేస్తాయి, మూడూ చెడిన చోట వెయ్యి పోసినా ఆనవాలుండదు.

ఆకాశవాణి వింటూ పెరిగినవాళ్లకు మొదట తట్టే అపోహ ఇది ప్రభుత్వ రేడియో అని. కాదు. ఆకాశవాణి హైదరాబాద్ అయినా విజయవాడ అయినా ఒకే ప్రసార భారతి కింద ఉంటాయి. అమెరికాలో పైన అలాంటి సంస్థ లేదు. 1967 పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టంతో ఏర్పడిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్, అంటే సీపీబీ, ఒక్క స్టేషన్‌ను కూడా నడపలేదు. కాంగ్రెస్ ఇచ్చే డబ్బును పంచడమే దాని పని. ఎన్‌పీఆర్, అంటే నేషనల్ పబ్లిక్ రేడియో, 1970లో ఏర్పడింది, అది కార్యక్రమాలు తయారుచేసి అమ్మే సంస్థ. దానికీ సొంత స్టేషన్లు లేవు. ప్రసారం చేసేది దాదాపు 246 సభ్య సంస్థలు, వాటి కింద వెయ్యికి పైగా స్టేషన్లు. వీటి లైసెన్సులు విశ్వవిద్యాలయాల చేతుల్లోనో, లాభాపేక్ష లేని స్థానిక సంస్థల చేతుల్లోనో ఉంటాయి. మీరు సభ్యత్వం కట్టేది ఈ లైసెన్స్‌దారుకు. అక్కడి నుంచి ఎన్‌పీఆర్‌కు వెళ్లేది సభ్యత్వ రుసుము, కార్యక్రమాల కొనుగోలు సొమ్ము మాత్రమే.

ఈ అమరిక ఇలా కుదరడానికి ఒక దెబ్బ కారణం. 1983లో ఎన్‌పీఆర్ దాదాపు దివాలా అంచుకు వెళ్లింది. ఫ్రాంక్ మాంకివిజ్ అధ్యక్షుడిగా ఉండగా ఆదాయం ఎక్కువ ఊహించి ఖర్చు పెంచారు, లెక్క చూసేసరికి లోటు లక్షల డాలర్లలో తేలింది. ఆయన రాజీనామా చేశారు. వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. సీపీబీ అప్పు ఇచ్చి గట్టెక్కించింది. ఆ తర్వాతే పద్ధతి తిరగబడింది. అంతవరకు సీపీబీ ఎన్‌పీఆర్‌కు నేరుగా ఇస్తున్న డబ్బు స్టేషన్లకు వెళ్లడం మొదలైంది, స్టేషన్లు తమకు కావలసింది ఎన్‌పీఆర్ దగ్గర కొనుక్కోవడం మొదలైంది. పైనున్న ఒక్క యాజమాన్యం తప్పు చేస్తే దేశమంతా మూగబోకుండా ఈ మార్పు కాపాడింది. దానితోపాటే బరువంతా స్థానిక స్టేషన్ నెత్తిన పడింది.

ప్రభుత్వ సొమ్ము సంగతి చూద్దాం. సీపీబీకి ఏటా 53.5 కోట్ల డాలర్లు వచ్చేవి. చట్టంలోని పంపకం ఇలా ఉండేది: 6 శాతం ఉమ్మడి అవసరాలకు, నిర్వహణ ఖర్చులకు 5 శాతం మించకూడదు, మిగిలిన దాంట్లో మూడొంతులు టీవీకి, పావు వంతు రేడియోకి. అంటే దేశంలోని రేడియో మొత్తానికి దక్కింది సుమారు 12 కోట్లు. ఎన్‌పీఆర్ బడ్జెట్‌లో నేరుగా వచ్చే ఫెడరల్ డబ్బు ఒక శాతం దగ్గర ఉండేది. స్టేషన్లకు సగటున 8 నుంచి 10 శాతం. కానీ ఈ సగటును నమ్మి నిర్ణయం తీసుకోవద్దు. బే ఏరియా లాంటి సంపన్న ప్రాంతంలో అది చిన్న ముక్క. అలాస్కాలోని బెథెల్‌లో యూపిక్ భాషలో కూడా ప్రసారం చేసే కేవైయూకేకి ఆదాయంలో దాదాపు 70 శాతం అదే ఉండేది.

2025 జూలైలో ఆ కుళాయి కట్టేశారు. సెనేట్ 51–48తో, ప్రతినిధుల సభ 216–213తో ఆమోదించిన బిల్లుపై అధ్యక్షుడు ట్రంప్ జూలై 24న సంతకం చేశారు. రెండేళ్లకు ముందుగానే కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లు వెనక్కి పోయాయి. ఆగస్టు 1న సీపీబీ మూసివేత ప్రకటించింది, సెప్టెంబర్ 30కి చాలామంది ఉద్యోగులు ఇళ్లకు వెళ్లిపోయారు, 2026 జనవరిలో సంస్థనే రద్దు చేయాలని దాని మండలి ఓటు వేసింది. డబ్బు పోయిందన్నది అందరికీ తెలిసిన నష్టం. తెలియనివి ఇంకో రెండున్నాయి. మొదటిది పాటల హక్కులు. సంగీత హక్కుల సంఘాలతో స్టేషన్లన్నిటి తరఫున బేరం కుదిర్చి ఫీజు కట్టింది సీపీబీయే, ఆ 6 శాతం ఉమ్మడి నిధిలోంచి. శాస్త్రీయ సంగీతం, జాజ్ వేసే స్టేషన్లకు ఇది పెద్ద ఖర్చు, ఇకపై వాళ్లే చూసుకోవాలి. రెండోది పారదర్శకత. పాలకమండలి సమావేశాలు బహిరంగంగా జరపాలి, ఆడిట్ లెక్కలు జనానికి చూపాలి, ప్రభుత్వాలకూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకూ చెందని స్టేషన్లయితే శ్రోతల సలహా మండలి ఉండాలి అన్న షరతులు ఈ గ్రాంటుకు ముడిపడి ఉండేవి. గ్రాంటు పోతే షరతుకు పట్టు పోతుంది. మీ స్టేషన్ ఇప్పటికీ ఆ పద్ధతి పాటిస్తోందా లేదా అన్నది సభ్యత్వం కట్టే ముందు చూడాల్సిన మొదటి సంగతి. వెబ్‌సైట్ అడుగున 'గవర్నెన్స్', 'ఫైనాన్షియల్స్', 'పబ్లిక్ ఫైల్' లాంటి పేర్లతో లింకులుంటాయి. తర్వాతి సమావేశం తేదీ అక్కడ ఉంటే మంచి గుర్తు. రెండేళ్ల కిందటి మినిట్స్ దగ్గరే ఆగిపోయి ఉంటే మెయిల్ పెట్టి అడగండి, జవాబు వచ్చాకే కట్టండి.

ఇక కట్టే పద్ధతి. ఏడాదికోసారి పెద్ద మొత్తం కన్నా నెలనెలా చిన్న మొత్తం స్టేషన్‌కు మేలు, వచ్చే నెల జీతాల లెక్క ముందే తెలుస్తుంది కాబట్టి. దీన్ని 'సస్టెయినర్' అంటారు. చాలామంది క్రెడిట్ కార్డు ఇస్తారు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. కార్డు గడువు తీరినా, మోసం జరిగిందని బ్యాంకు కొత్త నంబర్ ఇచ్చినా చందా చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఇచ్చేవాళ్లకు తెలియదు, స్టేషన్ మెయిల్ స్పామ్‌లో పడుతుంది. ఇలా పోయే సభ్యులు సంఖ్యలో కావాలని మానేసేవాళ్లకు ఏమీ తీసిపోరు. చెకింగ్ ఖాతా రూటింగ్ నంబర్, ఖాతా నంబర్ ఇచ్చి బ్యాంకు నుంచే కట్టండి. ఖాతా నంబర్ మారడం అరుదు, కార్డు కంపెనీ కోసుకునే రుసుమూ మిగులుతుంది. కొన్ని ఫారాల్లో కార్డు గడులు మాత్రమే కళ్లకు కనిపిస్తాయి, బ్యాంకు ఎంపిక చిన్న అక్షరాల్లో పక్కన ఉంటుంది, వెతకాలి.

కానుకల దగ్గర 'ఏమీ వద్దు' అన్న గడి టిక్ చేయండి. కప్పు, సంచి కొనాలి, ప్యాక్ చేయాలి, పోస్టు ఖర్చు పెట్టాలి. కానుక విలువ చెప్పుకోదగినదైతే మీ పన్ను మినహాయింపులోంచి ఆ మేరకు తగ్గించుకోవాలి కూడా. టీవీ కూడా ఉన్న కేఈఆర్ఏ, కేక్యూఈడీ లాంటి చోట్ల నెలకు 5 డాలర్ల దగ్గర 'పాస్‌పోర్ట్' అన్న వీడియో సౌకర్యం వస్తుంది. పిల్లలున్న ఇంట్లో అది నిజంగా పనికొస్తుంది. నెలకు 8 డాలర్ల 'ఎన్‌పీఆర్ ప్లస్'తో పాడ్‌కాస్టుల్లో స్పాన్సర్ ప్రకటనలు పోతాయి. అది తీసుకున్నా స్టేషన్ ఎంపిక దగ్గర మీ ఊరిదే ఎంచుకున్నారో లేదో ఒకసారి చూసుకోండి.

ఆఫీసు మ్యాచింగ్ మనవాళ్లు ఎక్కువగా వదిలేసే డబ్బు. పెద్ద టెక్ కంపెనీలు చాలావరకు మీరిచ్చినంత తామూ ఇస్తాయి. పోర్టల్‌లో వెతికేటప్పుడు స్టేషన్ పేరు కొడితే దొరక్కపోవచ్చు, చట్టబద్ధమైన పేరు వేరు కాబట్టి. కేఈఆర్ఏ అంటే నార్త్ టెక్సస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్. డబ్ల్యూఎన్‌వైసీ అంటే న్యూయార్క్ పబ్లిక్ రేడియో. లాస్ ఏంజెలెస్ వాళ్లకు సదరన్ కాలిఫోర్నియా పబ్లిక్ రేడియో, షికాగో వాళ్లకు షికాగో పబ్లిక్ మీడియా. స్టేషన్ వెబ్‌సైట్‌లో ఇచ్చిన తొమ్మిది అంకెల పన్ను గుర్తింపు సంఖ్యతో వెతికితే పొరపాటు జరగదు. విశ్వవిద్యాలయం కింద ఉన్న స్టేషన్ అయితే ఇంకో మెలిక ఉంది. ఆ సంఖ్య విశ్వవిద్యాలయానిది. 'ఏ విభాగానికి' అన్న చోట స్టేషన్ పేరు రాయకపోతే డబ్బు విశ్వవిద్యాలయ సాధారణ నిధిలో కలిసిపోవచ్చు. కన్సల్టెన్సీ పేరోల్ మీద ఉండి క్లయింట్ ఆఫీసులో కూర్చునేవాళ్లకు క్లయింట్ కంపెనీ మ్యాచింగ్ వర్తించదు, తమ యజమాని సంస్థకు అలాంటి పథకం ఉందేమో అడగాలి.

పన్ను సంగతి 2026 నుంచి మారింది. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా నగదు విరాళాల మీద ఒంటరిగా అయితే 1,000, భార్యాభర్తలు కలిపి దాఖలు చేస్తే 2,000 డాలర్ల వరకు తగ్గించుకోవచ్చు. ఐటమైజ్ చేసేవాళ్లకు మాత్రం ఆదాయంలో అర శాతం దాటిన విరాళానికే లెక్క. ఒకేసారి 250 డాలర్లు, ఆపైన ఇస్తే స్టేషన్ రాతపూర్వక రసీదు తప్పనిసరి. పాత కారు ఇచ్చే పథకంలో కారును వేలం వేస్తారు. మధ్యలోని ఏజెన్సీ ఖర్చులు పోను మిగిలింది స్టేషన్‌కు చేరుతుంది. మినహాయింపు కోరే మొత్తం 500 డాలర్లు దాటితే సాధారణంగా కారు ఎంతకు అమ్ముడుపోయిందో అంతవరకే దక్కుతుంది, పాత కార్ల ధరలు చెప్పే బ్లూ బుక్ ధర కాదు. ఆ అమ్మకం వివరాలుండే 1098–సి ఫారం వచ్చేదాకా రిటర్న్ వేయకండి.

ఇంతా చేసి మన డబ్బే స్టేషన్‌ను మోస్తుందా అంటే, సగం మాటే నిజం. రెండో కాలు కార్పొరేట్ స్పాన్సర్‌షిప్. చట్టం దీన్ని ప్రకటన కానివ్వదు. కంపెనీ పేరు, ఏం చేస్తుందో చెప్పొచ్చు. ధర చెప్పకూడదు, 'రండి, కొనండి' అనకూడదు, 'అన్నిటికంటే మేలైనది' అనకూడదు. ఈ గీత ఎక్కడ దాటారో చూస్తామంటూ 2025 జనవరిలో ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఎఫ్‌సీసీ చైర్మన్ బ్రెండన్ కార్ ఎన్‌పీఆర్ మీద, పబ్లిక్ టీవీ సంస్థ పీబీఎస్ మీద విచారణ మొదలుపెట్టారు. విచారణ ఎలా ఉన్నా అసలు దెబ్బ మార్కెట్టే కొట్టింది. 2023లో ఎన్‌పీఆర్‌కు స్పాన్సర్‌షిప్ ఆదాయం 3 కోట్ల డాలర్లు తగ్గేలా కనిపించడంతో, అప్పటి సీఈఓ జాన్ లాన్సింగ్ హయాంలో పది శాతం సిబ్బందిని, అంటే దాదాపు వందమందిని తీసేశారు. కొన్ని పాడ్‌కాస్టులు ఆపేశారు. బోస్టన్‌లో డబ్ల్యూబీయూఆర్ ఐదేళ్లలో ప్రసార స్పాన్సర్‌షిప్ 70 లక్షలు తగ్గిందని చెప్పి 2024లో 31 మందిని వదులుకుంది. వాళ్లలో 24 మంది పరిహారం తీసుకుని తమంతట తాము వెళ్లారు, ఏడుగురిని తీసేశారు. ఈ రెండు కోతలూ ఫెడరల్ డబ్బు ఆగకముందువే. అందుకే 2025 కోతలన్నిటికీ వాషింగ్టనే కారణం అని ఏ యాజమాన్యమైనా చెబితే అంతకు ముందు మూడేళ్ల ఆడిట్ నివేదికలు తీసి చూడాలి.

ఆ చూడటం ఎలాగో చెబుతాను. స్థానిక లాభాపేక్ష లేని సంస్థ అయితే ఏటా పన్ను శాఖకు 990 ఫారం దాఖలు చేస్తుంది, అది బహిరంగ పత్రం, ఉచితంగా దొరుకుతుంది. మొదటి పేజీలో ఆదాయం, ఖర్చు, మిగులు వరుసగా మూడేళ్లకు రాసుకోండి. ఏడో భాగంలో ముఖ్య అధికారుల జీతాలుంటాయి. సీఈఓ జీతం ఒక్కటే చూసి కోపం తెచ్చుకోవడం కన్నా, సిబ్బందిని తగ్గించిన ఏడాది ఆ పై వరుస జీతాలన్నీ కలిపి పెరిగాయా తగ్గాయా అని చూడటం న్యాయం. తర్వాత మూలనిధి (ఎండోమెంట్). అది కోట్లలో కనిపించినా దాతలు షరతులు పెట్టిన డబ్బును జీతాలకు తియ్యలేరు, ఆడిట్‌లో 'దాత షరతు లేనిది' అన్న వరుసే అసలు బలం. భవన నిర్మాణ నిధి కూడా అంతే. కొత్త స్టూడియో మెరుస్తుంటే రిపోర్టర్లను తీసేస్తున్నారేమిటని శ్రోతలకు బాధ కలగడం సహజం. చాలాసార్లు ఆ భవనం డబ్బు భవనానికే ఇచ్చిన డబ్బు. అలాంటి ప్రచారం మొదలుపెట్టాలా వద్దా అన్నది మాత్రం యాజమాన్యం నిర్ణయమే, దానికి వాళ్లు జవాబు చెప్పాలి. విశ్వవిద్యాలయ స్టేషన్లలో చాలావాటికి విడిగా 990 ఉండదు, లెక్కలన్నీ మాతృసంస్థ పద్దులో కలిసిపోతాయి. అప్పుడు స్టేషన్ ఆడిట్ నివేదిక ఒక్కటే దిక్కు. అందులో విశ్వవిద్యాలయం 'పరోక్ష మద్దతు' పేరుతో చూపే అంకె గదులు, కరెంటు, లెక్కల విభాగం పనికి కట్టిన విలువ. చేతికొచ్చే నగదు కాదు.

పైస్థాయిలో వ్యాపార తెలివి స్టేషన్‌కు మేలు చేసిన ఉదాహరణ కూడా ఉంది. మినెసోటా పబ్లిక్ రేడియో అనుబంధ కంపెనీ రివర్‌టౌన్ ట్రేడింగ్ కేటలాగుల ద్వారా సరుకులు అమ్మేది. 1998లో దాన్ని దుకాణాల సంస్థ డేటన్ హడ్సన్‌కు 12 కోట్ల డాలర్లకు అమ్మితే రేడియోకు పెద్ద మూలనిధి ఏర్పడింది. అధిపతి బిల్ క్లింగ్‌కు వ్యక్తిగతంగా 26 లక్షలు దక్కాయి, దానిమీద ఏళ్ల తరబడి వివాదం నడిచింది. ఆ మూలనిధి లేకపోతే ఆ స్టేషన్ అంత ఎదిగేదా? కష్టమే. అయినా చందాలతో పెరిగిన సంస్థలో అధికారికి ఆ వాటా దక్కడం సరికాదనే నా అభిప్రాయం.

యాజమాన్యం చెడితే ఏమవుతుందో చెప్పే పాఠం పసిఫికా. శ్రోతల చందాతో రేడియో నడపొచ్చని మొట్టమొదట నిరూపించింది వీళ్లే. శాంతివాది లూయిస్ హిల్ 1946లో స్థాపించిన ఈ సంస్థ 1949 ఏప్రిల్‌లో బర్క్‌లీలో కేపీఎఫ్ఏ మొదలుపెట్టింది. లాస్ ఏంజెలెస్, న్యూయార్క్, హ్యూస్టన్, వాషింగ్టన్ కలిపి ఐదు స్టేషన్లు. 1999 మార్చి చివర్లో కేపీఎఫ్ఏ మేనేజర్ నికోల్ సవాయా కాంట్రాక్టు పొడిగించకుండా పంపేశారు. ఆ సంగతి ప్రసారంలో మాట్లాడొద్దని సిబ్బందిని ఆదేశించారు, మాట్లాడినవాళ్లను తీసేశారు. జూలైలో ప్రసారం మధ్యలోనే పనివాళ్లను బయటికి పంపి తాళం వేశారు. పదుల సంఖ్యలో అరెస్టులయ్యాయి. స్టేషన్ అమ్మే ఆలోచన ఉన్నట్టు ఒక మండలి సభ్యుడి మెయిల్ బయటపడింది. వేలమంది బర్క్‌లీ వీధుల్లోకి వచ్చారు. ఉద్యమం గెలిచింది, దావాల తర్వాత కొత్త నియమావళి వచ్చింది: ఏడాదికి 25 డాలర్లు ఇచ్చినా, మూడు గంటలు స్వచ్ఛందంగా పనిచేసినా స్థానిక మండలి ఎన్నికల్లో ఓటు.

వినడానికి ఇంతకన్నా ప్రజాస్వామ్యం లేదు. ఆచరణలో ఎన్నికల ఖర్చు, వర్గాల పోరు, ఎవరూ కోతకు ఒప్పుకోని మండళ్లు మిగిలాయి. న్యూయార్క్‌లోని డబ్ల్యూబీఏఐ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీది యాంటెనాకు, ఏటా పెరిగే అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టింది. చందాలు తగ్గాయి, అద్దె తగ్గలేదు. 2017లో కోర్టు 18 లక్షల డాలర్ల బకాయి కట్టమంది. ఆ స్టేషన్ అప్పుకు ఐదు స్టేషన్ల ఆస్తులూ పూచీ, ఎందుకంటే ఐదింటి లైసెన్సులూ ఒకే ఫౌండేషన్‌వి. 2018లో 37 లక్షల అప్పు తెచ్చి బయటపడ్డారు. 2019 అక్టోబర్ 7న జాతీయ కార్యాలయం వచ్చి డబ్ల్యూబీఏఐ సిబ్బందిని పంపేసి స్థానిక కార్యక్రమాలు ఆపేసింది, నెల తిరిగేసరికి కోర్టు ఆదేశంతో స్టేషన్ మళ్లీ స్థానికుల చేతికి వచ్చింది. ఓటు హక్కు ఉన్న సభ్యత్వం కావాలంటే దేశంలో ఇంతకన్నా మంచిది దొరకదు. ఇచ్చిన డబ్బు కార్యక్రమాలకే చేరాలంటే మాత్రం, అప్పుల పరిస్థితి ఆడిట్‌లో చూడకుండా పసిఫికాకు పెద్ద మొత్తం ఇవ్వమని సలహా ఇవ్వలేను.

ఉద్యోగుల వైపు వద్దాం. శ్రోతకు దీంతో ఏం పని అనుకోవద్దు. పబ్లిక్ రేడియో ఖర్చులో పెద్ద భాగం జీతాలే, అంటే మీరు కొంటున్నది మనుషుల పనే. ఎన్‌పీఆర్ రిపోర్టర్లు, ప్రొడ్యూసర్ల యూనియన్ శాగ్–ఆఫ్ట్రా. సాంకేతిక సిబ్బందిది నాబెట్. 2017 జూలైలో ఒప్పందం గడువు తీరిపోయాక కూడా ఎన్‌పీఆర్‌లో బేరం తెగలేదు. కొత్తగా చేరేవాళ్లకు తక్కువ జీతపు మెట్టు పెట్టాలని యాజమాన్యం కోరింది, పక్కపక్క కుర్చీల్లో ఒకే పనికి రెండు జీతాలా అని యూనియన్ ఎదురు తిరిగింది. సమ్మె అంచు దాకా వెళ్లి చివరి గంటల్లో మూడేళ్ల ఒప్పందం కుదిరింది, రెండు మెట్ల ప్రతిపాదన వెనక్కి పోయింది. మరుసటి ఏడాది ఇంకో నిజం బయటికొచ్చింది. వార్తా విభాగంలో యూనియన్ పరిధిలోని 483 మందిలో 20 నుంచి 22 శాతం తాత్కాలికులే, అంటే ఐదుగురిలో ఒకరు. ఎన్నాళ్లు పని ఉంటుందో తెలియకుండా రోజువారీ వార్తలు మోసినవాళ్లు. ఆకాశవాణిలో ఏళ్ల తరబడి క్రమబద్ధీకరణ అడుగుతున్న క్యాజువల్ అనౌన్సర్ల గురించి తెలిసినవాళ్లకు ఈ బాధ ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు.

స్టేషన్లలో యూనియన్ ఏర్పడే దారి ఇదీ. సిబ్బందిలో కనీసం 30 శాతం కార్డుల మీద సంతకాలు చేస్తే జాతీయ కార్మిక సంబంధాల బోర్డు దగ్గర ఎన్నిక కోరొచ్చు, పోలైన ఓట్లలో సగం దాటితే గెలుపు. యాజమాన్యం తనంతట తానే గుర్తిస్తే ఎన్నిక అక్కర్లేదు. ఆగేది ఆ తర్వాత. మొదటి ఒప్పందానికి ఏడాది పైన పట్టడం మామూలే, ఆ లోపు చురుకైనవాళ్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. పైగా 2025లో చాలా నెలలు ఆ బోర్డుకే కోరం లేదు. బోస్టన్ విశ్వవిద్యాలయం కింది డబ్ల్యూబీయూఆర్, అమెరికన్ విశ్వవిద్యాలయం కింది డబ్ల్యూఏఎంయూ ప్రైవేటు సంస్థలవి కాబట్టి ఈ చట్టం వర్తిస్తుంది, రెండు చోట్లా శాగ్–ఆఫ్ట్రా ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయ స్టేషన్లకు వర్తించదు, అక్కడ రాష్ట్ర చట్టమే. టెక్సస్‌లో పోలీసు, అగ్నిమాపక విభాగాలు మినహా ప్రభుత్వ ఉద్యోగులతో సమష్టి ఒప్పందం చేసుకోవడమే నిషేధం. కాబట్టి ఆస్టిన్‌లో కేయూటీ, హ్యూస్టన్ పబ్లిక్ మీడియా సిబ్బందికి ఆ దారి మూసి ఉంది. డాలస్ కేఈఆర్ఏ స్థానిక లాభాపేక్ష లేని సంస్థది గనుక అక్కడ చట్టం అడ్డు లేదు. ఒకే రాష్ట్రంలో ఇంత తేడా ఉందని చాలామంది శ్రోతలకు తెలియదు.

ఒప్పందం ఉంటే కోతలు ఆగవు. 2025 జూలైలో కేక్యూఈడీ 15 శాతం సిబ్బందిని, 45 ఉద్యోగాలను తగ్గించింది, అక్కడ నాబెట్, శాగ్–ఆఫ్ట్రా రెండూ ఉన్నాయి. కోత ఎలా జరగాలో మాత్రం ఒప్పందం చెబుతుంది: ఎన్ని వారాల పరిహారం, ఎవరు ముందు, ఖాళీ వస్తే ఎవరిని తిరిగి పిలవాలి, మిగిలినవాళ్ల మీద అదనపు పని ఎంతవరకు మోపొచ్చు. ఈ చివరిది రేడియోలో వినిపిస్తుంది. గంట మొదట్లో జాతీయ వార్తలయ్యాక స్టేషన్‌కు వదిలే ఖాళీలో ఊరి వార్త వస్తోందా, లేక ప్రోమో వేసి సరిపెడుతున్నారా? అదే స్థానిక వార్త పొద్దున ఆరుకూ తొమ్మిదికీ మార్చకుండా చదువుతున్నారా? సొంత కార్యక్రమం స్థానంలో బీబీసీ వరల్డ్ సర్వీస్ గంటలు పెరిగాయా? ఒక వారం చెవి పెట్టి వింటే స్టేషన్ సిబ్బంది బలం తెలిసిపోతుంది.

వివాదం నడుస్తున్నప్పుడు సభ్యత్వం రద్దు చేసుకోవాలా అని అడిగేవాళ్లుంటారు. వద్దు. రద్దయిన చందా మొదట చిన్న ఉద్యోగుల జీతాల పద్దులోంచే పోతుంది. యూనియన్ ఏం కోరుతోందో దాని పేజీలో చదవండి, చాలాసార్లు వాళ్లడిగేది మండలికి ఉత్తరాలు రాయమనే. బహిరంగ సమావేశంలో మాట్లాడే అవకాశం ఉంటే రెండు నిమిషాలు తీసుకోండి. 'సభ్యుడిని, ఏటా ఇంత ఇస్తున్నాను, తాత్కాలిక ఉద్యోగులు ఎంతమంది, వాళ్లలో రెండేళ్లు దాటినవాళ్లు ఎంతమంది' అని అంకె అడగండి. అంకె అడిగితే మినిట్స్‌లో చేరుతుంది, అసంతృప్తి ఒక్కటే చెబితే చేరదు.

ఎవరికి ఏది తగును? బే ఏరియా, బోస్టన్ లాంటి చోట నెలకు 10 నుంచి 20 డాలర్లు బ్యాంకు నుంచి, మ్యాచింగ్‌తో కలిపి, ఏ షరతూ పెట్టకుండా ఇవ్వండి. ఎడిసన్ వైపు వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీ రాష్ట్రం తన రేడియో స్టేషన్లను 2011లో వదులుకుంటే ఉత్తరాన డబ్ల్యూఎన్‌వైసీ, దక్షిణాన ఫిలడెల్ఫియా డబ్ల్యూహెచ్‌వైవై తీసుకున్నాయి. రెండూ పక్క రాష్ట్రాల నుంచి నడుస్తాయి. న్యూజెర్సీ వార్తలకు ఎంతమంది రిపోర్టర్లున్నారని అడిగి మరీ ఇవ్వడం మీ హక్కు. విశ్వవిద్యాలయ స్టేషన్ శ్రోతలు 'ఏ విభాగానికి' అన్న గడి నింపడం మర్చిపోవద్దు. మీ ఊరి స్టేషన్ బలంగానే ఉందనిపిస్తే ఒక వంతు అక్కడ ఉంచి, మిగిలింది గ్రామీణ స్టేషన్లకు పంపండి. నైట్, మెక్‌ఆర్థర్, ఫోర్డ్ లాంటి ఫౌండేషన్లు 2025 ఆగస్టులో దాదాపు 3.7 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన పబ్లిక్ మీడియా బ్రిడ్జ్ ఫండ్ అలాంటి స్టేషన్ల కోసమే. నేరుగా ఇవ్వాలంటే కేవైయూకే లాంటి స్టేషన్ల వెబ్‌సైట్లలో విరాళం ఫారం ఉంటుంది. అక్కడ కూడా కార్డు గడి వదిలేసి బ్యాంకు ఖాతా ఎంపిక వెతకండి.